బోణీ చెయ్యి

అనగనగనగా, కొండ దిగువన ఒక ఊరు. ఆ ఊళ్ళో శనివారం శనివారం సంత. మంచు ఇంకా కొండ నడుం పట్టుకుని ఊగుతుండగానే తిండి కొట్లు తెరిచేవారు. తెరిచి, గవరయ్య తాత కోసం దారి కాసేవారు. ఆయన ఏ కొట్లో బోణీ చేస్తే, అంటే మొదటి బేరం చేస్తే, ఆ కొట్టు ఆ రోజు కళకళలాడిపోయేది. "చెయ్యంటే గవరయ్య చెయ్యే" అనేవారు జనం.

ఆ సంతకి నూకరత్నం వచ్చింది. అన్న పంచన ఉంటున్న ఒంటరి మనిషి. అట్ల పెనం ఒక్కటే ఆమె ఆస్తి. బయలుదేరుతుంటే వదిన అంది: "మూడు సంతలు చూస్తానమ్మా. సాగకపోతే ఆ పెనం అటకెక్కుతుంది. నువ్వు పెద్దిళ్ళల్లో అంట్లు తోముకోవాలి."

మొదటి సంత. గవరయ్య తాత వచ్చాడు, నూకరత్నాన్ని చూశాడు, దాటిపోయాడు. పక్కనున్న సన్యాసప్పుడి పకోడీల కొట్లో బోణీ చేశాడు. ఇంకేముంది, జనమంతా అటే. నూకరత్నానికి సగం పిండి మిగిలిపోయింది.

అప్పుడు పట్టుకుంది బంగారూ, అనుమానం! సన్యాసప్పుడు పొయ్యి కింద మంత్రించిన నిమ్మకాయ పాతి ఉంటాడనుకుంది. అతను నీళ్ళకెళ్ళినప్పుడు పుల్లతో కెలికి చూసింది. బూడిద. ఆ తర్వాత పాకకి వేలాడుతున్న మూట విప్పి చూసింది. ఉల్లిపాయలు. "అయితే ముసలాడికి లంచం పెడుతున్నాడు" అనుకుని, సంత ఎత్తేసే వేళ గవరయ్య తాత వెనకాలే పిల్లిలా నడిచింది.

తాత కొట్ల వెనక్కి వెళ్ళాడు. తినేసిన అడ్డాకులన్నీ అక్కడే పారేస్తారు. కర్రతో ఒక్కో ఆకూ తిరగేసి చూస్తున్నాడు.

"ఏటి తాతా, చేతబడా?" అని ఎదురొచ్చి నిలదీసింది.

తాత ఉలిక్కిపడి, నవ్వేశాడు. "సన్యాసప్పుడి ఆకులు చూడు, నాకేశారు. నీవి చూడు. అట్టు తిన్నారు, పచ్చడి వదిలేశారు. నీ అల్లప్పచ్చడి చేదే తల్లీ."

"మరి నీ చెయ్యి?"

"నా చేతిలో ఏముంది? ఈ వారం ఆకులు చూస్తాను, పై వారం బోణీ చేస్తాను."

"ఆ మాట జనానికి చెప్పొచ్చుగా!"

"చెబితే నాకు కొసరు పకోడీలు ఎవడేస్తాడే?"

నూకరత్నం సగమే నమ్మింది. అయినా ఇంటికెళ్ళి, మెంతులు మాడకుండా వేయించి, బెల్లం ఇంకాస్త వేసి పచ్చడి నూరింది.

రెండో సంత. గవరయ్య తాత పచ్చడి వేలితో నాకి చూసి, బోణీ చేశాడు. మిట్టమధ్యాహ్నానికి పిండి గిన్నె ఖాళీ! కానీ అందరిదీ ఒకటే పాట, "గవరయ్య చెయ్యి!" అని. వదిన కూడా మూతి తిప్పింది: "ముసలాయన చలవ. నీదేముంది? వచ్చే సంత చూద్దాం."

ఆ మాట నూకరత్నం చెవిలో దోమలా దూరింది. ఒకవేళ నిజంగా ఆయన చెయ్యేనేమో! ఆకుల మాటే అబద్ధమేమో! ఆయన పై సంతకి రాకపోతే?

మూడో సంత. కొట్లకి దూరంగా కట్టెలమ్మే పైడితల్లి నిలబడి ఉంది. ఒకసారి ఆమె బోణీ చేసిన పాక కాలిపోయిందట. అప్పట్నించి ఆమెని మొదటి బేరానికి ఎవరూ రానివ్వరు. ఆకలేసినా సరే, ఇంకొకరు కొన్నాకే కొనాలి.

గవరయ్య తాత అప్పుడే వచ్చి కొట్టు ముందు ఆగాడు. నూకరత్నం ఆయన్ని చూసింది, పైడితల్లిని చూసింది.

"కాస్త ఆగు తాతా. పైడితల్లీ, రా. ఇవాళ నువ్వే బోణీ."

"ఓలమ్మో! కొంప ముంచుకుంటోంది!" అని అరిచాడు సన్యాసప్పుడు.

పైడితల్లి డబ్బులిచ్చి అట్టు తింది. ఆ తర్వాత గవరయ్య తాత తప్ప ఒక్కరూ రాలేదు. ఆ తర్వాత ఆకాశం నల్లబడింది. ఆ తర్వాత వాన, కుండపోత! "దాని చెయ్యే!" అని అందరూ పైడితల్లి మీద విరుచుకుపడ్డారు. నూకరత్నం ఇక పెనం అటకెక్కినట్టే అనుకుంది.

పైడితల్లి తన కట్టెల మోపులన్నీ గబగబా నూకరత్నం పాకలోకి లాగేసింది. సంతలో మిగతా కొట్ల కట్టెలన్నీ తడిసి, పొయ్యిలు ఆరిపోయాయి. ఎండు కట్టెలున్న ఆ పొయ్యి ఒక్కటే వెలుగుతోంది. తడిసి వణుకుతున్న జనం ఎక్కడికి పోతారు? పొగ కనబడ్డ చోటికే వచ్చారు. వేడి వేడి అట్లు తిన్నారు, పచ్చడి మళ్ళీ మళ్ళీ అడిగారు.

వదిన పై సంతకి ముందురోజు తనే మినప్పప్పు నానబోసింది.

అది పచ్చడి మహిమా, వాన మహిమా, పైడితల్లి చేతి మహిమా? నూకరత్నానికి ఆ అనుమానం తీరనే లేదు.

తరువాతి శనివారం సన్యాసప్పుడు పరుగెత్తుకొచ్చాడు. "పైడితల్లమ్మా, నీది చల్లని చెయ్యి! ముందు నా కొట్టుకి రా తల్లీ!"

పైడితల్లి కట్టెల మోపు దించింది. అతని బాండీ మీదకి వంగి, వాసన చూసింది.

"మొన్నటి నూనె బావూ" అంది. మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కథ నడిచె కంచికి,
మబ్బు నడిచె కొండకి,
పిట్ట చేరె గూటికి,
నిదర రావె కంటికి.