రాజుగారి వాటా మందు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గానీ బిగువు జాస్తి. నలుగురిలో ఆవులిస్తే రాచరికం జారిపోతుందనుకునే రకం. అలాంటివాడికి ఆశ్వయుజం వచ్చేసరికి పొడిదగ్గు పట్టుకుంది. మాట మొదలుపెడితే దగ్గు, దగ్గు ఆగితే కోపం. కొలువులో వాళ్ళకు ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

ఆస్థాన వైద్యులు శొంఠి అన్నారు, మిరియాల కషాయం అన్నారు. ఆ ఘాటుకు దగ్గు ఇంకా రెచ్చిపోయింది. చివరికి రేవులో లిన్ బో అనే చీనా వైద్యుడున్నాడని తెలిసి పిలిపించారు. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉండి మన మాట చక్కగా నేర్చినవాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో ఓడెక్కి భార్యాబిడ్డల దగ్గరికి పోదామని మూటలు కట్టుకుని కూర్చున్నాడు. ఆ ఓడ తప్పితే గాలి మళ్ళిపోతుంది, తిరిగి ఏడాదిదాకా ప్రయాణం లేదు.

ఆయన రాజుగారి రెండు మణికట్లూ పట్టుకుని చాలాసేపు నాడి చూశాడు. నాలుక చూశాడు.

"మా శాస్త్రంలో శరత్తంటే పొడిగాలి కాలం ప్రభూ. ఊపిరితిత్తులు దానికి తట్టుకోలేవు. కారం తగ్గించి పులుపు పెంచండి. కోడితో పడుకుని కోడితో లేవండి. మా ఓడలో బేరిపండ్లు వచ్చాయి, ఒకటి తేనె వేసి ఆవిరి మీద ఉడికించి పొద్దున్నే తినండి."

రాజు మొహం వికసించింది. పులుపంటే గోంగూరే కదా, అది ఎవరికి చేదు?

"ఇంకొకటుంది" అన్నాడు వైద్యుడు. "దిగులు కాపురముండేది ఊపిరితిత్తుల్లోనేనని మా పెద్దలంటారు. తమ నాడిలో అది తగిలింది. ఏడవాల్సిన ఏడుపేదో తమరు మింగేశారు. అది కూడా బయటికి పోనివ్వండి."

కొలువు గతుక్కుమంది. రాజు మొహం జేవురించింది.

"నాకు దిగులేమిటి? పసిపిల్లవాడిలా ఏడవమంటావా? ఆ మాట వెనక్కి తీసుకో."

"నాడి చెప్పింది నేను చెప్పాను. వెనక్కి తీసుకుంటే అబద్ధమాడినట్టవుతుంది ప్రభూ."

"అయితే తీసుకునేదాకా చెరలో ఉండు" అన్నాడు రాజు, దగ్గుతూ.

పాపం, ఆ పెద్దమనిషి భటుల వెంట చెరకు నడిచాడు.

ఇక్కడ పేరయ్య గురించి చెప్పాలి. రాజుగారు నోట పెట్టే ప్రతిదాన్నీ ముందు రుచి చూడడం ఇతని ఉద్యోగం. అన్నమైనా మందైనా పేరయ్య సగం తినాలి. తిని బతికి బట్టకడితే, మిగతా సగం రాజు తిని తీరాల్సిందే. వంటవాళ్ళను ఉత్తపుణ్యానికి అనుమానించకూడదని రాజుగారి తాత చేసిన శాసనమది. తాతగారి మాటంటే ఉద్దండవర్మకు వేదం.

పేరయ్య ఏడు రోజులు బుద్ధిగా మందు రుచి చూశాడు. బేరిపండు సగం తిన్నాడు, గోంగూర సగం తిన్నాడు, పొద్దు గూకగానే పడుకున్నాడు. రాజూ అలాగే చేశాడు. దగ్గు కొంచెం మెత్తబడింది గానీ పోలేదు. ఎనిమిదోనాడు నిండు కొలువులో పేరయ్య సింహాసనం ముందు చతికిలబడి, ఉత్తరీయం మొహాన కప్పుకుని, భోరుమని ఏడుపు మొదలుపెట్టాడు.

"ఏమిట్రా ఇది? ఎవరు పోయారు?" అన్నాడు రాజు.

"నా ఉద్యోగం నేను చేస్తున్నాను ప్రభూ" అన్నాడు పేరయ్య వెక్కుతూ. "తమకు రాసిన మందుల్లో ఇదొక్కటే మిగిలింది."

మంత్రులు నవ్వాపుకోలేక తలలు వంచుకున్నారు. పేరయ్య సావధానంగా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని లేచాడు.

"చూశాను ప్రభూ. కాస్త ఉప్పగా ఉంది. ప్రాణానికి ప్రమాదం లేదు. ఇక మిగతా సగం తమరిది, తాతగారి శాసనం."

రాజుకు ఎటూ పాలుపోలేదు. కాదంటే తాతగారిని కాదన్నట్టు. అవునంటే అందరి ముందూ ఏడవాలి.

"దిగులు లేనివాణ్ణి ఎవరికోసం ఏడవమంటావురా?" అన్నాడు చివరికి.

"నేను నూకాలమ్మకోసం ఏడ్చాను ప్రభూ."

నూకాలమ్మ రాజును పాలిచ్చి పెంచిన దాది. నిరుడు ఇదే నెలలో పోయింది. ఆనాడు పరదేశపు రాయబారులు వచ్చి ఉన్నారు. వాళ్ళ ముందు కంట తడి కనపడకూడదని రాజు కొలువు విడిచి కదలలేదు, ఆఖరి చూపుకు కూడా పోలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

రాజు లేచి తెర వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి లోపలినుంచి వినిపించింది. మొదట దగ్గనుకున్నారు, దగ్గు కాదు. చాలాసేపు సాగింది. ముసలి మంత్రి తనూ కళ్ళొత్తుకున్నాడు.

తిరిగొచ్చేసరికి రాజుగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం తేటపడింది. పేరయ్యను చూసి నవ్వాడు, దగ్గు రాలేదు.

"సగమన్నావు గదరా. నా వాటా అంతకు పదింతలు వచ్చింది."

"నేను ఆవిడ చేతి అన్నమే తిన్నాను. తమరు పాలు తాగారు ప్రభూ" అన్నాడు పేరయ్య.

రాజు తన చేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. వైద్యుణ్ణి అప్పటికప్పుడు చెర విడిపించి, పట్టుశాలువా కప్పి, తన పల్లకీలోనే రేవుకు తీసుకెళ్ళాడు. ఓడ కదలడానికి ఇంకా ఒక రోజుంది.

"నా వల్ల తప్పు జరిగింది, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు రాజు. అని, కాస్త మొహమాటంగా అడిగాడు. "మీ దేశపు రాజులు కూడా ఈ మందు పుచ్చుకుంటారా?"

లిన్ బో చేతులు జోడించాడు.

"పుచ్చుకునేవాళ్ళు నన్ను పిలవరు ప్రభూ. వాళ్ళకు నాతో పనుండదు."

ఉద్దండవర్మ రేవులో అందరూ చూస్తుండగా కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఆ నీళ్ళు తుడుచుకోలేదు.