చిట్టి ఈత పంతం

కొండ అడుగున టేకునీ, నడుమ ఇప్పనీ మెచ్చుకుంటూ ఎక్కిన సేనాపతి, శిఖరాన మోకాలెత్తు చిట్టి ఈతపొదలు చూసి పకపకా నవ్వాడు.

"ఇంతెత్తు కొండకి ఇంత పొట్టి మొక్కలా! పీకించి టేకు నాటిస్తా."

ఆ ఆకుతో చీపుళ్ళు కట్టుకు బతికే సుక్రి ముందుకొచ్చింది. "అలాగే దొరా. గాలి లేచేదాకా మీరిక్కడ టేకుచెట్టులా నిటారుగా నిలబడండి. పడకపోతే నేనే పీకుతా."

సేనాపతి మీసం దువ్వి నిలబడ్డాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. తలపాగా లోయలోకి ఎగిరిపోయింది. సేనాపతి బోర్లాపడి, అంచుదాకా దొర్లి, అందిన ఈతపొదని రెండు చేతులా పట్టుకున్నాడు.

సుక్రి తాపీగా పక్కన కూచుంది.

"మా పొట్టిది ఈ గాలిలోనే పుట్టింది దొరా. ఇప్పుడు సెలవియ్యండి, పీకెయ్యమంటారా?"