నలభై ఒకటో పడవ

విశాఖపట్నంలో రక్షణ శాఖ సమాచార విశ్లేషణ కార్యాలయంలో కొత్తగా చేరిన హిమజకు ‘నాకు తెలియదు’ అనే మాట చచ్చినా నోటికి వచ్చేది కాదు. కాలేజీ వాదన పోటీల్లో తడుముకుంటే మార్కులు పోయేవి. అందుకని తెలిసినా తెలియకపోయినా గట్టిగా చెప్పడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ కార్యాలయానికి ఒక పద్ధతి ఉండేది. సముద్రం మీద తిరిగే విమానాలు తీసిన ఫోటోలు చూసి, అక్కడ ఏం జరుగుతోందో నివేదిక రాయాలి. అది పైఅధికారులకు వెళ్ళేముందు మరొకరు ఎదురుగా కూర్చుని అది తప్పని వాదించాలి. ఈ సంగతి విన్నరోజు హిమజ ఆనందానికి అంతులేదు. జీతం ఇచ్చి మరీ వాదించమంటున్నారు! నెల తిరక్కుండా నలుగురిని ఓడించింది. ఆమె ఫైలు పట్టుకుని లేస్తే చాలు, అందరికీ ఒక్కసారిగా టీ గుర్తొచ్చేది.

జూన్ నెలలో రాళ్ళరేవు అనే చోటి ఫోటోలు ఆమె బల్ల మీదికి వచ్చాయి. పాత ఫోటోల్లో వెలిసిపోయిన పడవలు ఇసుకలో పడి ఉన్నాయి. రెండు నెలలుగా అంగుళం కదల్లేదు. కొత్త ఫోటోలో అవే పడవలు తాజా రంగుతో మెరుస్తూ, సముద్రం వైపు తిరిగి వరసగా నిలబడ్డాయి. హిమజది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చెరువు నిండితేనే ఊరంతా చూడ్డానికి వెళ్ళే చోట పుట్టిన పిల్ల, సముద్రాన్ని ఉద్యోగంలో చేరాకే చూసింది. అయినా తడుముకోకుండా రాసేసింది: పాత గుర్తులు తెలియకుండా ఎవరో రంగు పూశారు, ఇవన్నీ ఒకేసారి సరిహద్దు దాటబోతున్నాయి, వెంటనే ఆపాలి.

ఎదురు వాదించే పని ఎల్లాజీ గారికి పడింది. ఆయన ఇరవై ఏళ్ళ సర్వీసున్న మెతక మనిషి.

“అమ్మా, అవి వేటకి...”

“వేటకైతే రెండు నెలలు ఎందుకు కదల్లేదు సార్?”

“అదే చెప్తున్నాను, ఆ రెండు నెలలూ...”

“ఆ రెండు నెలలూ తయారీ సార్. నేను రాసిందీ అదే.”

ఎల్లాజీ గారు పెన్నుకు మూత పెట్టేశాడు. హిమజ గెలిచింది.

విభాగం పెద్ద నస్రీన్ మేడమ్ నివేదిక చదివి చివరి పేజీలో ఆగింది. అక్కడ ‘మనకు తెలియనివి’ అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంది. తెలియనివేమీ లేవని హిమజ ధీమాగా చెప్పింది.

“ఇది వెళితే ఎల్లుండి ఆ పడవలన్నీ ఆపేస్తారు,” అంది మేడమ్. “నీది తప్పయితే వాటి మీద బతికేవాళ్ళ పొయ్యి వెలగదు. ఆ తర్వాత ఈ గదిలో రాసిన మాట ఎవరూ నమ్మరు, నీదైతే అసలే నమ్మరు. నాలుగింటికి పంపాలి. గంట టైముంది, ఆ గడి నింపుకురా.”

హిమజ ఉడుకుమోత్తనంతో కూర్చుంది. మేడమ్ అడిగింది కదా అని ఒకటి రాసింది: రంగు ఎందుకు వేశారో తెలియదు. రెండోది దానంతటదే వచ్చింది: పడవలు ఎవరివో తెలియదు. ఏడు రాసేసరికి చెవులు వేడెక్కాయి. లేచి ఎల్లాజీ గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

“నాకు తెలియదు సార్. మీరు చెప్పండి.”

“సాంతం చెప్పనిస్తావేటమ్మా?”

“నోరెత్తను.”

రాళ్ళరేవు ఆయన మేనత్త ఊరే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం రెండు నెలలు వేట ఆపుతుందని, ఆ రోజుల్లో పడవలు ఒడ్డుకు లాగి బాగుచేసుకుంటారని, ఎల్లుండి నిషేధం తీరిపోతుందని ఆయన చెప్పాడు. గంగమ్మకు పూజచేసి అందరూ ఒకేసారి దిగుతారట. “పడవని పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తారు. పాత రంగుతో నీళ్ళలోకి దింపితే మా అత్త చీపురు తీస్తాది,” అన్నాడు.

హిమజ పకపకా నవ్వింది. మత్స్యశాఖకు ఫోన్ చేసి నిషేధం మాట నిజమని తేల్చుకుంది. తర్వాత ఫోటో మళ్ళీ చూసింది. రాళ్ళ చాటున ఒక పడవ వెలిసిపోయి ఉంది. “మరి దీనికి రంగు వేయలేదేం సార్?”

ఎల్లాజీ గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. పాత ఫోటోలో నలభై, ఇందులో నలభై ఒకటి. “ఇది మా వాళ్ళది కాదమ్మా,” అన్నాడాయన.

నాలుగింటికి పది నిమిషాలుందనగా హిమజ మేడమ్ ముందు నిలబడి తన నివేదిక మీద తానే విరుచుకుపడింది. అంత చక్కగా ఆమె ఏ పోటీలోనూ వాదించలేదు. కొత్త నివేదికలో నలభై పడవల జోలికి పోవద్దని, ఒక్కదాన్ని సోదా చేయాలని రాసింది. అది ఎవరిదో, అందులో ఏముందో తెలియదని గడిలో రాసింది. మేడమ్ మొదట ఆ గడే చదివి సంతకం పెట్టింది.

సోదాలో ఆ పడవ వలల కింద కెమెరాలు దొరికాయి. తీరంలోని రాడార్ కేంద్రాన్ని ఎవరో దొంగచాటుగా ఫోటోలు తీస్తున్నారు. నలభై పడవలు మాత్రం అనుకున్న రోజునే వేటకు కదిలాయి. ఆ వారం మేనత్త పంపిన రొయ్యల కూర క్యారియర్‌ను గదంతా పంచుకుని ఖాళీ చేశారు.

ఎదుటివాళ్ళ నోరు మూయించినంత మాత్రాన మన మాట నిజమైపోదు. తెలియదని ఒప్పుకుని అడిగినవాళ్ళకే నిజం దొరుకుతుంది.