ముక్కాలిపాలెం పరదేశమ్మకు ఎంగిలి నైవేద్యం

రహదారి దిగి సరుగుడు తోటల మధ్యగా సముద్రం వైపు వెళ్తే ముక్కాలిపాలెం వస్తుంది. ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట పరదేశమ్మ గుడి ఉంది. గోపురం లేదు. గర్భగుడిలో స్త్రీమూర్తి కూడా లేదు. సన్నని రంధ్రాలున్న నల్లరాతి పలక ఒకటి, కాస్త ముందుకు వాలి, మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఒక రాతి పొత్రం. పసుపు కుంకుమల చాటున ఉన్నది నూరుడు రాయేనని ఏ ఇల్లాలికైనా తెలిసిపోతుంది. ఇక్కడి అమ్మవారు ఆ రాయే.

మొదటిసారి వచ్చిన భక్తులు రాయిని చూసి ఆశ్చర్యపోతారు, నైవేద్యం చూసి ఉలిక్కిపడతారు. పూజారి చోడి (రాగి) అంబలి, పండుమిరప పచ్చడి పట్టుకుని జనం వైపు తిరుగుతాడు. అందరూ చూస్తుండగా ముందు తానొక గుక్క తాగి, పచ్చడి నంజుకుంటాడు. కాసేపు ఊరకే నిలబడతాడు. ఆ తర్వాతే మిగిలినదాన్ని అమ్మవారి ముందు పెడతాడు. మరో గుడిలో ఇది అపచారం. ఇక్కడ ఎంగిలి కాని నైవేద్యం చెల్లదు.

పూర్వం ఊరికి ఈ పేరు లేదు. ఇసకపాలెం అనేవారు. మన వంటిళ్ళలో కారమంటే మిరియమే అయిన కాలం అది. ఊరికి అసిరన్న అనే తలారి ఉండేవాడు. ఊళ్ళో దొంగతనం జరిగితే పోయిన సొత్తు తలారే ఇచ్చుకోవాలి. పరాయి మనిషికి పూచీ పడితే ఆ మనిషి చేసిన తప్పుకు శిక్ష తలారికీ పడుతుంది. అందువల్ల అసిరన్న తన నీడను కూడా రెండుసార్లు చూసి గాని అడుగు వేసేవాడు కాదని ఊళ్ళో ఎగతాళి చేసేవారు.

ఒక తుపాను వెలిసిన ఉదయం, పగిలిన పరదేశపు ఓడ తాలూకు చిన్న పడవ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో ఒక స్త్రీ ప్రాణాలతో ఉంది. ఒళ్ళో మూడు కాళ్ళ రాయిని కావలించుకుని కూర్చుంది. జాలరులు ఆమెకు నీళ్ళిచ్చి, తలారిని పిలిపించారు. అసిరన్న ఆమె చుట్టూ తిరిగి చూశాడు. ఓడ మునుగుతుంటే ఎవరైనా బంగారం పట్టుకుంటారు, లేకపోతే చెక్క పట్టుకుంటారు. రాయిని పట్టుకున్న మనిషిని అతను ఎరగడు. పైగా ఆమె టోపీ దొరల రంగు కాదు. మన రంగే, రెండు జడలు. దొరల ఓడలో ఈ రంగు మనిషికి పనేమిటన్నది అతని రెండో అనుమానం.

ఆమె పేరు ఇనేస్ అని ఆ రోజే తెలిసింది. మిగతాది ఆమెకు నాలుగు మాటలు వచ్చాక తెలిసింది. సముద్రాలకు ఆవల, ఇప్పుడు మనం మెక్సికో అనే మెహికో దేశం, అకపుల్కో రేవు. ఒక వర్తకుడి ఇంట్లో వంటమనిషిగా ఓడెక్కి మనీలాకు, అక్కడి నుంచి మరో ఓడలో ఇటువైపు వచ్చింది. ఆ రాయి తల్లిది, తల్లికి అమ్మమ్మ ఇచ్చింది. అసిరన్న అంతా విన్నాడు, దేన్నీ నమ్మలేదు. కాని తిరిగి సముద్రంలోకి తోసేయమనడానికి అతనికి నోరు రాలేదు. ఊరి పెద్ద పెదనాయుడి ముందు ఆమెకు పూచీ పడి, తన ఇంటి వెనక పాకలో ఉంచాడు. కంటి ముందుంటే కాపలా తేలికని భార్య తౌడమ్మకు సర్దిచెప్పాడు.

అప్పటి నుంచి అతని పని ఆమెను చూడటమే. ఆమె పావడా అంచు విప్పి అందులో కుట్టుకున్న విత్తనాలు తీసింది. వాటిని పాక వెనక నాటింది. మొక్కలు లేచాయి, తెల్లని పూత పూసి, ఎర్రని కాయలు దిగాయి. చిలకలు వాటిని తిని ఎగిరిపోయాయి. మేక ఒకటి కొరికి, తల విదిలించి పారిపోయింది. చిలకలకు పట్టని విషం మేకకు ఎలా పట్టిందో అసిరన్నకు అంతుపట్టలేదు. ఇంకొకటి కూడా అతను గమనించాడు. తినబోయే ముందు ఆమె ప్రతిసారీ ఏదో గొణుగుతుంది. “బ్వేన్ ప్రొవేచో.” మంత్రమేనని తౌడమ్మ తేల్చేసింది.

ఒకనాడు పెదనాయుడి మనవరాలు ఆడుకుంటూ వచ్చి ఆ ఎర్రకాయ తెంపి నమిలింది. అదే చేత్తో కళ్ళు నులుముకుంది. కేకలకు ఊరంతా పోగైంది. పిల్ల పెదవులు వాచాయి, కళ్ళు తెరవలేకపోయింది. పరదేశి విషం పండించిందన్న మాట క్షణంలో ఊరు చుట్టింది. అంతకుముందు చచ్చిన గొడ్లు, ఎండిన బావులు అన్నీ ఆమె ఖాతాలో పడ్డాయి.

పెదనాయుడు రచ్చ మీద తీర్పు చెప్పాడు. తెడ్లు లేని పడవలో ఆమెను సముద్రంలోకి తోసేయాలి. పూచీ పడ్డవాడు కూడా అదే పడవ ఎక్కాలి. అయితే తలారికి ఒక దారి వదిలాడు. ఆమె విషం కలుపుతుంటే చూశానని ఒక్క మాట అంటే చాలు, అతని జోలికి రారు.

అసిరన్నకు ఆమె మీద అనుమానం ఇంకా పోలేదు. ఆ మాట అంటే సగం నిజం చెప్పినట్టే అవుతుందని కూడా అనిపించింది. తౌడమ్మ గుంపులోంచి, అనెయ్యమని కళ్ళతోనే బతిమాలుతోంది. చివరకు అతను నోరు విప్పాడు.

“ఆమి మీద నాకూ అనుమానమే నాయుడోరా. కానీ సూడనిది సూసానని సెప్పనేను. ఆ కాయ ఆమి సేతే తినిపించండి.”

రాయి తెచ్చి రచ్చ మీద పెట్టారు. ఇనేస్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని పండుకాయలు, ఉప్పు, చింతపండు నూరింది. ఎవరో దూరం నుంచే అంబలి ముంత జరిపారు. ఆమె తన మంత్రం చదివి, పచ్చడి నంజుకుని తాగింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. విషం ఎక్కుతోందని జనం వెనక్కి జరిగారు. ఆమె ముక్కు తుడుచుకుని, నవ్వి, ఇంకాస్త నంజుకుంది.

పెదనాయుడు మెత్తబడలేదు. “పామునాడించేవోడికి పాము విషం ఎక్కదురా. ఆమికి అలవాటయిపోనాది.”

అది అసిరన్నకు కూడా సబబుగానే తోచింది. అతను ముందుకు వెళ్ళి ముంత అందుకున్నాడు. తౌడమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. పచ్చడి నాలుక మీద పడగానే చెవుల్లోంచి పొగ వచ్చినట్టయింది. నేల మీద కూలబడి కళ్ళు మూసుకున్నాడు. అందరూ అతను ఒరిగిపోతాడని చూస్తున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి, ముంత భార్య వైపు చాపాడు.

“ఇంకాస్త అంబలి పొయ్యే. దీన్ని ఇన్నాళ్ళూ ఉత్తినే ఎలా తాగేమే?”

ఈలోగా పిల్ల కూడా కళ్ళు తెరిచింది. పెదనాయుడు తీర్పు మార్చాడు గాని అనుమానం మార్చుకోలేదు. పరదేశి ఊళ్ళో ఉండవచ్చు. కాని ఆ రాతి మీద నూరినది ఏదైనా ముందు ఆమె తినాలి, తలారి దగ్గరుండి చూడాలి, తర్వాతే మరొకరు ముట్టాలి.

ఇనేస్ ఆ ఊళ్ళోనే ముసలిదయింది. ఇంటింటా మిరప మొక్క లేచింది. పెళ్ళిళ్ళకు పచ్చడి ఆమే నూరేది. తాను పురుడు పోసిన పిల్లల పెళ్ళిళ్ళలో కూడా ముందు ఆమె తినవలసిందే. పెదనాయుడు పోయాడు, తీర్పు పోలేదు. ఆమె ముద్ద మింగేదాకా అసిరన్న చూసేవాడు, అతను తలూపేదాకా వరుసలో ఎవరూ చెయ్యి కదిపేవారు కారు. ఆమె మంత్రానికి అర్థం ఏమిటని అతను ఎప్పుడో అడిగాడు. తిన్నది ఒంటికి పట్టాలని కోరడమేనని, తమ దేశంలో పక్కవాడు తింటుంటే ఆ మాట అనకుండా వెళ్ళరని ఆమె చెప్పింది.

ఆమె పోయాక, తొలి కాపు దిగిన రోజున ఊరివాళ్ళు పచ్చడి నూరి, మడితో, ఎవరూ రుచి చూడకుండా ఆ రాయి ముందు పెట్టారు. ఆ మధ్యాహ్నం అరుగు మీద అసిరన్నకు కునుకు పట్టింది. కలలో ఇనేస్ రాయి పక్కన కూర్చుని ఉంది. పళ్ళెం ముట్టలేదు. తాను ఆమెను ఇన్నేళ్ళూ ఎలా చూశాడో, ఆమె అతన్ని అలాగే చూస్తోంది.

“ఇందల ఏటి కలిపేరో నాకేటి తెలుసు? ముందు నువ్వు తిను, నేను సూస్తాను.”

అసిరన్న లేచి తిన్నగా రాయి దగ్గరకు నడిచాడు. ఊరిని పిలిచాడు. అందరి ముందూ పచ్చడి తిని, ఇన్నేళ్ళూ ఆమెను నిలబెట్టినంత సేపూ తానూ నిలబడి, అప్పుడు పళ్ళెం ఆమె ముందుకు జరిపాడు.

నేటికీ ఇక్కడ పూజారులు ఆ తలారి వంశం వారే. ఈ కథకు శాసనాధారం లేదు. మిరప మన దేశానికి అనేక రేవుల మీదుగా వచ్చింది, ఈ ఒక్క ఒడ్డునే దిగిందని ఊరివారూ అనరు. కాని మెహికోలో ఇలాంటి మూడు కాళ్ళ రాళ్ళ మీద నేటికీ నూరుతున్నారు. తొలి కాపు పూజలో సంకల్పం చెప్పేటప్పుడు పూజారి మెహికో దేశాన్ని, అకపుల్కో రేవును, ఇనేసమ్మను, పేర్లు తెలియని ఆమె తల్లిని, అమ్మమ్మను తలుస్తాడు. ప్రసాదం చేతిలో పెడుతూ “బ్వేన్ ప్రొవేచో” అంటాడు. భక్తులు కళ్ళకద్దుకుంటారు.

నీలాపనింద పడ్డవారు ఇక్కడ పచ్చడి నంజుకుంటే నింద తొలగుతుందని నమ్మకం. నింద వేసినవారు కూడా వస్తారు, వారు వరుసలో చివర నిలబడాలి. ఈ ఊళ్ళో మరొక ఆచారం ఉంది. కొత్త మనిషి ఎవరు గడప తొక్కినా అంబలి పోస్తారు. ఆ ముంతలోంచి ముందుగా ఇంటివారు ఒక గుక్క తాగి, అతిథి చూశాడని రూఢి చేసుకుని, అప్పుడు చేతికిస్తారు. ఎక్కడి నుంచి వచ్చావని అతను తాగాకే అడుగుతారు.