కుండీలో పోసిన కోపం

లోకనాథ్ మర్యాదస్తుడు. గొంతెత్తి ఎవరినీ ఒక మాట అనడు. కోపం మాత్రం లోపల కుతకుత ఉడుకుతుండేది. దాన్ని చంపుకునే దారి కోసం కర్నూలులో దస్తగిరి బాబా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

బాబా ఒకప్పుడు నాపరాయి గనుల్లో రాళ్లు కొట్టిన మనిషి. కూలి కోసం కొట్లాడి దెబ్బలు తిన్నవాడు. ఆయనకు మెల్లగా మాట్లాడటం ఇప్పటికీ రాదు.

ఆ రోజు లోకనాథ్ ఒక కుండీ పట్టుకుని వచ్చాడు. అందులో మనీప్లాంటు. ఆకులు పసుపుబారి, కాడలు మెత్తబడి ఉన్నాయి.

“ఏందిరా ఈ కంపు?”

“చచ్చిపోయింది బాబా. కోపం తగ్గే దారి చెప్పమని ఫోన్లో ఏఐని అడిగాను. ఒక మొక్క పెంచుకోండి, కోపం వచ్చినప్పుడు దాని దగ్గర కాసేపు గడపండి అంది. వచ్చినప్పుడల్లా వెళ్లి నీళ్లు పోశాను.”

“వచ్చినప్పుడల్లానా?”

“మట్టి తడిగా ఉంటే పోయొద్దని కూడా చెప్పింది. నాకే చెయ్యి ఆగలేదు. వేళ్లు కుళ్లాయట. బాధపడకండి, ఇంకో మొక్కతో మళ్లీ మొదలుపెట్టొచ్చు అంటోంది. ఏ మొక్క తెచ్చుకోమంటారు?”

బాబా కుండీ వంక చూశాడు. “వేళ్లు కుళ్లేంత కోపం దేనికిరా నీకు?”

“మా అపార్ట్‌మెంటులో పనిచేసే ఈరమ్మను లిఫ్టు ఎక్కనివ్వరు. పనివాళ్లు మెట్ల మీదే రావాలని బోర్డు పెట్టారు. మోకాళ్లు పట్టుకుని పై అంతస్తు దాకా ఎక్కుతుంది. ఆ ఆయాసం మా గుమ్మంలోకి వినిపిస్తుంది. ఒళ్లు మండిపోతుంది బాబా.”

“ఈ సంగతి ఫోనుకు చెప్తివా?”

“లేదు. నా కోపం సంగతే చెప్పాను.”

“బోర్డు పెట్టినోళ్లకు?”

“అందరూ తెలిసినవాళ్లు. రోజూ మొహాలు చూసుకోవాలి. ఎందుకులే అని, తలుపు వేసుకుని...”

“నీళ్లు పోస్తివి.”

బాబా మొహం కందగడ్డలా అయింది. కూజా దగ్గరికి లాక్కుని గ్లాసు నింపాడు.

“తాగు.”

లోకనాథ్ తాగాడు. బాబా మళ్లీ నింపాడు.

“తాగు.”

అదీ తాగాడు. బాబా ఆగలేదు. గ్లాసు వెంట గ్లాసు నింపి చేతిలో పెడుతూనే ఉన్నాడు. నీళ్లు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. చివరికి లోకనాథ్ గ్లాసును అరచేత్తో మూసేశాడు.

“ఇక నావల్ల కాదు బాబా. నాకు దాహం లేదు.”

“నీకు దాహమని ఎవడన్నాడు? కోపం నాది.”

లోకనాథ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మూతి తుడుచుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ కుండీ కోసం వంగితే, బాబా కాలు అడ్డం పెట్టాడు.

“దాన్ని ఈడనే ఉండనీ. బోర్డు పీకాలంటే రెండు చేతులూ కావాల.”