వరహాలు రేడియో పాట

దోసకాయలపాడు మొత్తానికి తెలివనేది తమ ఒక్క కొంపలోనే ఉందని చిట్టబ్బాయికి గట్టి నమ్మకం. "ఊళ్ళో వాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అని రోజూ అన్నం దగ్గర మీసం తడుముకునేవాడు. పెళ్ళాం బంగారమ్మ, తమ్ముడు గవర్రాజు "అవునవును" అనేవాళ్ళు.

ఆ ఇంటి పిల్ల వరహాలుకి మాత్రం దేవుడు నిజంగానే మంచి గొంతిచ్చాడు. పాడి వినిపించమని రేడియో స్టేషన్ నుంచి కార్డొచ్చింది. ఎంపికైతే శుక్రవారం శుక్రవారం వరహాలు పాట రేడియోలో వస్తుంది. ఇక చిట్టబ్బాయి కాళ్ళు నేలమీద ఆగలేదు. కూతురి పాట ఊరంతా వినాలని, అప్పుడే రేడియో కొనుక్కొచ్చి వీధరుగు మీద పెట్టేశాడు.

"తేనె గొంతుకి మంచిది," అన్నారు పాట నేర్పే పంతులు గారు. అంతే! తల్లీ బాబాయీ కలిసి గిద్దెడు తేనె పిల్ల మెడకి దట్టంగా పట్టించారు. ఇంకేముంది, ఇంట్లో చీమలన్నీ పాటకొచ్చాయి. వరహాలు గెంతుతూ, కెవ్వుమంటూ పాడింది.

"చూశావా, గొంతు ఎంత పైకి పోతోందో!" అని మురిసిపోయాడు చిట్టబ్బాయి.

బయల్దేరేముందు పంతులు గారు ఇంకో మాట చెప్పారు. "కంగారు పడకమ్మా. ఇంట్లో ఎలా పాడతావో అక్కడా అలాగే పాడు. ఏదీ మార్చకు."

వరహాలు ఇంట్లో మినప్పప్పు రుబ్బుతూ పాడుతుంది. అంతే, రుబ్బురోలు బస్సెక్కింది. రెండో చరణం దగ్గర పక్కింటి అచ్చియ్యమ్మ గోడమీంచి తిడుతుంది.

"మీ తిట్టు లేనిదే మా పిల్లకి పాట నడవదండీ," అని బతిమాలాడు గవర్రాజు. ఆవిడ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది.

"మరి గోడో?" అంది బంగారమ్మ. నిజమే కదా! గోడ రాదు కాబట్టి తలుపు రెక్క ఊడదీసి మోసుకెళ్ళారు.

స్టేషన్లో ఎర్రదీపం వెలిగింది. వరహాలు పప్పు రుబ్బుతూ పాట అందుకుంది. అద్దం అవతల పాటలు ఎంపిక చేసే పెద్దాయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. రెండో చరణం రాగానే తలుపు రెక్క మీంచి అచ్చియ్యమ్మ తల పెట్టి, "నీ గోల మండా! ఆపుతావా, రోకలి పుచ్చుకు రానా?" అని కేకేసింది. పెద్దాయన కుర్చీలోంచి కింద పడ్డాడు.

లేచి, చెమట తుడుచుకుని బయటికొచ్చాడు. "పిల్లది బంగారంలాంటి గొంతు. కానీ బాగా అలిసిపోయింది. మా ఉత్తరం చేతికొచ్చేదాకా మాట్లాడనీయకండి. మిగతావాళ్ళు కూడా నోళ్ళు మూసుకుంటే ఇంకా మంచిది!"

అచ్చియ్యమ్మ అలిగి అటునుంచటే కూతురింటికి పోయింది. మిగతా నలుగురూ టక్కున నోళ్ళు మూసుకున్నారు. ఇంకేముంది, కండక్టరుకి ఊరి పేరు చెప్పలేక బస్సు ఆగిపోయే ఊరిదాకా పోయారు. అక్కణ్ణించి రోలూ తలుపూ మోసుకుంటూ నడిచొచ్చారు.

పదో రోజున కొత్త పోస్టుమాన్ వచ్చాడు. "రేడియోలో పాడే వరహాలు ఇల్లు ఇదేనాండీ? ఎంపికైందట, ఉత్తరం ఉంది!"

చిట్టబ్బాయి గుండె ఎగిరి గంతేసింది. 'ఇదే బాబూ!' అని అరవబోయి, రెండు చేతులతో నోరు నొక్కేసుకున్నాడు. బంగారమ్మ, గవర్రాజు కూడా అంతే. వరహాలు ముందుకొచ్చి తన గొంతు చూపించి, పెదాల మీద వేలేసుకుంది.

"అయ్యో పాపం, ఇల్లంతా మూగవాళ్ళే! ఇక్కడ పాటలేమిటి, నా పిచ్చిగానీ," అని ఉత్తరం సంచిలో వేసుకుని పోయాడు.

అతను సందు తిరిగేదాకా నలుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక్కరి నోటా ఒక్క మాట జారలేదు! చిట్టబ్బాయి గర్వంగా కూతురి వీపు తట్టాడు.

ఉత్తరం చేతికి రాలేదు కదా, వాళ్ళు ఇప్పటికీ నోరు విప్పలేదు. ప్రతి శుక్రవారం అరుగు మీద రేడియో పెట్టుకుని, వరహాలుని పక్కన కూర్చోబెట్టుకుని, వరహాలు పాట ఎప్పుడొస్తుందా అని వింటున్నారు.