ఆగిన తిత్తి

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదు, కోటలో గంట మోగితేనే ఊళ్ళో పొయ్యిలు రాజుకునే కాలం. ఆ కాలంలో కంచుకోన అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో మహారాజుగారి గంటలశాల ఉండేది. కంచు కరిగించి గంటలు పోయడంలో ఆ శాలకు సాటి లేదు.

ఆ శాలలో పేరోజు అనే పనివాడు పదహారేళ్ళుగా ముందు కాడ పట్టేవాడు. ముందు కాడ అంటే ఏమిటంటారా? కంచు కరిగే మట్టి పాత్రను మూస అంటారు. ఆ మూసను ఇనుప కాడలకు బిగించి, ముందొకరు వెనకొకరు మోసుకెళ్ళి అచ్చులో వంచాలి. ముందువాడు చెప్పినట్టు వెనకవాడు నడవాలి. గంట మీద చెక్కేది కూడా ముందువాడి పేరే.

ఇలా ఉండగా నాగోజు అనే కొత్తవాడు పనిలో చేరాడు. అతడు మొదటిసారి పోసిన చిన్న గంట మోత విని మహారాజు, "ఈ గంట గొంతెత్తి పాడుతోంది" అని మెచ్చుకున్నాడు. అంతే, కోట బురుజుకు పోయబోయే పెద్ద గంటకు ముందు కాడ నాగోజు చేతికి వచ్చింది. ఆ మాట చెప్పింది శాలను నడిపే పెద్దాచారి.

ఆ రోజునుంచి పేరోజుకు అన్నం సయించలేదు. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ముందు కాడా? నాగోజు నవ్వితే కళ్ళు కుట్టేవి. నవ్వకపోతే గర్వమనుకునేవాడు. నాగోజు "అన్నా" అని పిలిస్తే, ఆ పిలుపులోనూ వెక్కిరింపే వినిపించేది. అసూయ పట్టినవాడికి మంచినీళ్ళు కూడా చేదే కదా!

శాలలో కొలిమికి తిత్తి ఊదేది సూరమ్మ. తల నెరిసిన మనిషి. నిప్పు రంగు చూసి కంచు ఎప్పుడు కరుగుతుందో చెప్పగలదు. మనిషి ముఖం చూసినా అంతే.

ఒకనాడు నాగోజు మైనంతో చేసిన గంట నమూనా నలిగిపోయి కనిపించింది. పిల్లి తొక్కి ఉంటుందన్నాడు పేరోజు. అతని గోళ్ళలో మైనం సూరమ్మ చూసింది. వెళ్ళి పెద్దాచారికి చెప్పింది. మైనమే కదా, మళ్ళీ చేసుకుంటాడులే అని ఆయన నవ్వేశాడు.

మరొకనాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. పేరోజు నాగోజు కాళ్ళ వంక చూస్తూ, "నిప్పుకు కొత్త పాదాలంటే మహా ఇష్టం" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నాగోజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సూరమ్మ మళ్ళీ పెద్దాచారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన విసుక్కున్నాడు. "పేరోజు నోరు దురుసే గాని మనసు మంచిది. నాగోజు నాతో ఏమీ అనలేదే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, వదినా?"

సూరమ్మ వెళ్ళి తిత్తి దగ్గర కూర్చుంది.

గంట పోసే రోజు రానే వచ్చింది. వెనక కాడ తానే పడతానని పేరోజు ముందుకొచ్చాడు. పౌరుషం దిగిపోయిందని పెద్దాచారి సంతోషించాడు. దిగింది పౌరుషం కాదు, కుట్ర మనసు అడుక్కి దిగింది. ఒక్క అడుగు తడబడినట్టు నటిస్తే చాలు, మూస ముందుకు ఒరుగుతుంది. కాలు జారిందంటే ఎవరు కాదంటారు? ముందు కాడ మళ్ళీ తనదే.

ఆ శాలలో ఒక ఆచారం ఉంది. మూస ఎత్తేముందు జతగాళ్ళిద్దరూ నిప్పు సోకకుండా ఒకరి కాళ్ళకు ఒకరు తడి గోనె చుట్టాలి. నాగోజు వంగి పేరోజు కాళ్ళకు గోనె చుట్టాడు. రెండు ముళ్ళు వేసి, "బిగువైందా అన్నా?" అని అడిగాడు. ముడి అంత చక్కగా వేసినందుకు కూడా పేరోజుకు ఒళ్ళు మండింది. తరువాత అతడు వంగి నాగోజు కాళ్ళకు గోనె చుట్టాడు.

పేరోజు కాళ్ళ కింద నేల తడిసింది. నాగోజు కాళ్ళ కింద పొడిగా ఉంది. సూరమ్మ అది చూసింది. చూసి, తిత్తి ఆపేసింది.

కొలిమి హోరు తగ్గిపోయింది. తిత్తి ఆగితే ఎవరి చేతిలోది వారు కింద పెట్టి కూర్చోవాలని పెద్దాచారి తాతగారి నాటి కట్టడి. అందరూ కూర్చున్నారు. మహారాజుగారి కంచు గడ్డకట్టిపోతోందని పెద్దాచారి కేకలేశాడు.

సూరమ్మ లేచి నిలబడింది. "కంచు గడ్డకడితే మళ్ళీ కరిగిస్తాం. ఈ పిల్లవాడి కాళ్ళు కాలితే ఏ అచ్చులో పోసి చేస్తావు? ఆ గోనె తాకి చూడు."

పెద్దాచారి తాకి చూశాడు. గోనె ఎండిపోయి ఉంది. మరచిపోయానంటే పేరోజుకు సరిపోయేది. కాని నాగోజు చుట్టిన తడి అతని కాళ్ళకు చల్లగా తగులుతూనే ఉంది. ఆ చల్లదనం ముందు అబద్ధం నోట రాలేదు.

"మరచిపోలేదు" అన్నాడు. "మూస ఒంపాలనుకున్నాను. వాడి పేరు గంట మీద చూడలేకపోయాను."

పెద్దాచారి నాగోజు పక్కన కూలబడి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"రోజూ భయపడుతూనే వచ్చాను, అయ్యా. ఆ రోజు అందరూ నవ్వారు. ఇంకెవరికి చెప్పను?"

నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. సూరమ్మ రెండుసార్లు చెప్పినా చెవిన పెట్టని తప్పు తనదేనని పెద్దాచారి అందరి ముందూ ఒప్పుకున్నాడు. పేరోజును నిప్పుకు దూరంగా, అచ్చుల మట్టి తొక్కే దొడ్డికి పంపాడు. నాగోజు తనంతట తాను భయం పోయిందని చెప్పేదాకా అతడు శాల గడప తొక్కరాదన్నాడు. తొందరపెట్టి నాగోజును ఎవరూ అడగరాదన్నాడు.

మరునాడు పెద్దాచారే వెనక కాడ పట్టాడు. గంట ఒక్క ధారలో పోశారు. నాగోజు దాని మీద తన పేరు చెక్కి, పక్కన చిన్న తిత్తి బొమ్మ కూడా చెక్కాడు.

ఆ గంట ప్రతి ఉదయం మోగేది. మట్టి దొడ్డిలో పేరోజు ఆ మోత విని పని ఆపేవాడు. మొదట్లో గుండె భగ్గుమనేది. పోనుపోను, గోడ అవతల నాగోజు నడిచే చప్పుడు వినిపిస్తే, ఆ పాదాలు బాగున్నందుకు ఊరట పొందేవాడు. అతనికి ఇంకా పిలుపు రాలేదు. పిలవమని అతడు అడగనూ లేదు.

కాబట్టి పిల్లలూ, చెయ్యి లేచాక పట్టుకోవడం కన్నా మాట లేచినప్పుడే ఆపడం మేలు. ఆపమని చెప్పేవారి మాట మొదటిసారే వినడం ఇంకా మేలు.